రెండో కంట్రోలర్ ఎవరిది?

నేను పుట్టింది ధర్మవరంలో, మెట్టింది హిందూపురంలో. మా పుట్టింట 'కో-ఆపరేటివ్' అన్న ఇంగ్లీషు మాట, అమ్మా నాన్నా అన్న మాటల తర్వాత పిల్లలు నేర్చుకునే మూడో మాట. చేనేత సహకార సంఘాన్ని మా నాన్న ఏనాడూ సంఘం అనలేదు. 'కోపరేటివుకి పోయొస్తా' అంటూ కండువా దులిపి భుజాన వేసుకునేవాడు. పట్టు అక్కణ్ణించి రావాలి, నేసిన చీర అక్కడికి పోవాలి, డబ్బు మాత్రం అక్కడ నాలుగు నాళ్ళు విశ్రాంతి తీసుకుని మరీ రావాలి.

అలా పెరిగినదాన్ని గనుక, ఒకనాటి సాయంత్రం మావాడు టీవీ ముందు కూచుని "అమ్మా, ఇది కో-ఆపరేటివ్ ఎక్స్‌పాన్షన్" అంటే, ధర్మవరం సంఘం వాళ్ళు పెనుకొండలో బ్రాంచి తెరుస్తున్నారు కాబోలనుకున్నాను. "మంచిదే గదా, ప్రారంభోత్సవం ఎప్పుడంట?" అన్నాను.

వాడు పడీ పడీ నవ్వాడు. ఇంజనీరింగు రెండో ఏడులో నాలుగు సబ్జెక్టులు తప్పి, హాస్టలు ఖాళీ చేసి, ఇంటికొచ్చి గది తలుపేసుకున్న కుర్రవాడు ఐదు నెలల తర్వాత నవ్విన మొదటి నవ్వది. నన్ను చూసే నవ్వాడనుకోండి, అయినా నాకు కడుపు నిండింది. ఆ నవ్వు తెచ్చిన వస్తువు తరఫున నాలుగు మాటలు, దాన్ని మన ఇళ్ళల్లోంచి మెల్లిగా తప్పిస్తున్నవాళ్ళ మీద నాలుగు మాటలు చెబుదామని ఈ కాగితాలు ముందేసుకున్నాను. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, పరవాలేదు.

ముందు ఆ వస్తువేమిటో చెప్పాలి గదా. మా మరిదిగారబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం. వాడు కొత్త పెట్టె కొనుక్కుని, పాత ఎక్స్‌బాక్స్ 360 పెట్టెనీ, రెండు కంట్రోలర్లనీ, గుప్పెడు డిస్కులనీ మావాడికిచ్చాడు. అందులో ఒకటి 'హేలో 3: ఓడీఎస్టీ'. అమెరికాలో బంగీ అనే సంస్థ తయారుచేస్తే మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2009 సెప్టెంబరులో విడుదల చేశారు. కథ జరిగేది 2552వ సంవత్సరంలో. వేరే లోకాల నుంచి కవనెంట్ అనే మూక భూమి మీదికి దండెత్తి వస్తుంది. ఆఫ్రికాలో న్యూ మొంబాసా అనే నగరం మీద పడుతుంది. ఆకాశం నుంచి గూళ్ళలాంటి వాటిలో దూకిన కొద్దిమంది సైనికులు దాన్ని ఎదిరిస్తారు. ఇంతే కథ.

'ఎక్స్‌పాన్షన్' అంటే ఏమిటో నాకు తోచినట్టు చెప్తాను. ముందు చీర అమ్ముతారు. ఆర్నెల్లాగి దానికి తగ్గ రవికెగుడ్డ విడిగా అమ్ముతారు. చీర కొన్నవాళ్ళం రవికె లేకుండా ఎలా ఉంటాం? కొంటాం. 'హేలో 3' అనే చీరకి ఈ ఓడీఎస్టీని రవికెగుడ్డగానే మొదలుపెట్టారట. నేస్తూ నేస్తూ పెద్దదైపోయింది. చివరికి 60 డాలర్లు, అంటే నిండు చీర ధరే పెట్టి అమ్మారు. అప్పట్లో దానిమీద పెద్ద రగడే జరిగింది. న్యాయమే మరి.

అయితే ఆ గుడ్డలో ఒక మంచి అంచు ఉంది. దాని పేరు ఫైర్‌ఫైట్. ఇందులో ఒకరితో ఒకరు పోటీ పడరు. అందరూ ఒకే పక్షం. శత్రువులు విడతలు విడతలుగా వస్తూనే ఉంటారు, మనం కాచుకుంటూనే ఉండాలి. ఇంటర్నెట్టు మీదయితే నలుగురు ఆడొచ్చు. ఒకే ఇంట్లో, ఒకే టీవీ ముందయితే తెర రెండు ముక్కలై ఇద్దరు ఆడొచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతేమిటంటే, మొదలుపెట్టినప్పుడు అందరికీ కలిపి ఏడు ప్రాణాలు. తలా ఏడు కాదు సుమండీ, అందరికీ ఉమ్మడిగా ఏడు! నేను తొందరపడి చస్తే మావాడి ఖాతాలోంచి కూడా పోయినట్టే. బాగా ఆడితే మధ్యలో కొన్ని కలుస్తాయి. ఉమ్మడి కుటుంబంలో నెయ్యి గిన్నె లాంటిది. ఎవరు ఎంత వడ్డించుకున్నారో అందరికీ తెలుస్తూనే ఉంటుంది.

ఇంకో ముచ్చట చెప్పాలి. ఆట ముదిరేకొద్దీ కొత్త కొత్త కష్టాలు పెడతారు. అందులో ఒకదాని పేరు 'ఫామిన్', అంటే కరువు. అది మొదలైతే పడిపోయినవాడి తుపాకీ మనం తీసుకున్నా అందులో తూటాలు సగమే ఉంటాయి. "అమ్మా, కరువొచ్చింది!" అని మావాడు అరిచాడు. "కరువు మనకి కొత్తా నాయనా, ఉన్నదాంతో సర్దుకో" అన్నాను. అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్ళకి ఆ నేర్పు ఒకరు చెప్పాలా?

ఇప్పుడింత ముద్దుగా చెప్తున్నాను గానీ, మొదట్లో ఆ పెట్టెకి నాకంటే పెద్ద శత్రువు లేదు. దాని కరెంటు తీగ తీసి రాగుల డబ్బాలో దాచినదాన్ని నేనే. మావాడు ఒక్క మాటా అనలేదు. వెతకను కూడా వెతకలేదు. గోడకి తిరిగి పడుకున్నాడు. కోపంతో అరిచే పిల్లవాడితో వేగొచ్చు గానీ, అరవడం మానేసిన పిల్లవాడితో వేగడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుసు. నాలుగో రోజు తీగ నేనే తెచ్చి టీవీ పక్కన పెట్టాను. పెట్టెని వాడి గదిలోంచి హాల్లోకి మార్చాను. "రెండోది నాకియ్యి" అన్నాను. వాడు నావంక అదోలా చూసి, కంట్రోలర్ చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి నేను ఆడిన తీరు చెప్పుకుంటే సిగ్గుచేటు. ఎటు చూడాలో తెలీక ఆకాశం వంక చూశాను. నడవబోయి గోడకి గుద్దుకున్నాను. విసరమన్న బాంబు నా కాళ్ళ దగ్గరే విసురుకున్నాను. పది నిమిషాల్లో ఏడు ప్రాణాల్లో ఐదు నేనే ఖర్చుపెట్టేశాను. "అయ్యో, నీవి కూడా తినేశాను గదరా" అన్నాను. "పరవాలేదమ్మా, ఇంకా రెండున్నాయి. నువ్వు నా వెనకాలే రా" అన్నాడు. ఐదు నెలలుగా వాడి వెనకాల తిరుగుతున్నదాన్ని నేను. వెనకాలే రమ్మని వాడు పిలవడం అదే మొదలు.

శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి అన్నయ్య పిలిస్తే ఇద్దరం ధర్మవరం బయల్దేరాం. రైలు పెనుకొండ దగ్గరకొచ్చేసరికి కిటికీలోంచి కొండా కోటా కనిపించాయి. మావాడు ఉన్నట్టుండి, "అమ్మా, ఇక్కడ ఫైర్‌ఫైట్ పెడితే ఎంత బాగుంటుందో! పైన ఒకళ్ళుంటే కిందున్న బాట అంతా కాయొచ్చు" అన్నాడు. అడక్కుండా వాడంతట వాడు అన్న మాట అది. తళ్ళికోట యుద్ధంలో 1565లో దెబ్బతిన్నాక విజయనగరం రాజధాని ఈ కొండ కిందికే తరలివచ్చిందని నేను చెప్పాను. అయితే ఎక్కడెక్కడ ఎవరెవరిని కాపలా పెట్టి ఉండాలో వాడు చెప్పాడు. రాజులకు తెలియని యుక్తులన్నీ మా రెండో తరగతి పెట్టెలో తేలాయి. ధర్మవరం జంక్షన్ వచ్చేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

వ్రతమయ్యాక తాంబూలాల దగ్గర నా మీద పంచాయితీ జరిగింది. "పిల్లవాడు పరీక్షలు తప్పితే నువ్వు వాడితో కూచుని తుపాకులు కాలుస్తున్నావంటనే" అని మొదలుపెట్టింది వదిన. పక్కింటి పిన్నమ్మ, ఎదురింటి కోడలు, అందరూ కలిసి మూడు నేరాలు మోపారు.

మొదటిది, చంపే ఆటలు పిల్లల్ని పాడుచేస్తాయని. నిజమే, ఇది పసిపిల్లల ఆట కాదు. పదిహేడు దాటినవాళ్ళకని అట్ట మీదే అచ్చేసి ఉంటుంది. మావాడికి ఇరవై. పదేళ్ళవాడి చేతికిస్తే తప్పు మనదే. కానీ 'చంపడం' అన్న మాటకే ఉలిక్కిపడితే ఎలాగమ్మా? అష్టాచెమ్మా ఆడుతూ మా జేజి రోజుకి ఎన్ని కాయల్ని చంపేదో లెక్కలేదు. ఆమె చీమక్కూడా అపకారం చేసిన మనిషి కాదు. పులీ మేకా ఆటలో మూడు పులులూ పదిహేను మేకలూ. మేకలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని నిలబడితేనే పులులు కట్టుబడతాయి. ఫైర్‌ఫైట్‌లో కిటుకూ అదే.

రెండోది, ఇలాంటి ఆటల్లో పడి ఇళ్ళూ వాకిళ్ళూ అమ్ముకుంటారని. పిన్నమ్మ చెప్పింది రమ్మీ సంగతి. డబ్బు పందెం పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసింది. చేయాల్సిందే. మేము ఆడేదాంట్లో పందెం లేదు. ఓడితే పోయేది పరువు, అదీ నాది.

మూడోది, ఇది వ్యసనమని. ఈ మాటకి మాత్రం నేను ఎదురు చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థే 2019లో ఆటల వ్యసనాన్ని జబ్బుల పట్టీలో చేర్చింది. చదువూ తిండీ నిద్రా మానేసి ఆటలో మునిగే పిల్లలున్నారు. కానీ నేను అడిగిందొకటే. ఆ పిల్లలు ఎక్కడ కూచుని ఆడుతున్నారు? తలుపేసుకున్న గదిలోనా, మనం కూరగాయలు తరిగే హాల్లోనా? పక్కన ఎవరున్నారు?

వదిన మాట్లాడలేదు. ఆమె చేతిలో రాట్నం ఉంది. కండెలు చుడుతూనే నా మాటలు వింటోంది. వ్రతం నాడైనా ఆ చెయ్యి ఊరుకోదు. ఆ కండెలు లోపల గుంటమగ్గం మీద అన్నయ్య చేతికి వెళ్తాయి. నాడె ఆడించేది ఆయనే గానీ, ఆ చీర ఇద్దరిదీ. కండె అందకపోతే మగ్గం ఆగుతుంది. పోగు తెగితే ఇద్దరూ వంగి వెతుకుతారు. కొట్టువాడు చీరకి ఒకటే ధర కడతాడు, అది వేరే సంగతి. నేను వదినతో అన్నాను: "నువ్వూ అన్నయ్యా ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నదేమిటనుకున్నావు? అదే కో-ఆపరేటివ్."

ఇంతవరకూ మన ఆడవాళ్ళతో తగవు. అసలు తగవు ఇప్పుడు మొదలవుతుంది.

కలిసి కూచుని ఆడడం ఇంత మంచిదైతే, కొత్తగా వచ్చే ఆటల్లో ఆ సదుపాయం ఉండాలి గదా? హేలో మొదటి ఆట 2001లో వచ్చినప్పుడు ఒకే టీవీ ముందు ఇద్దరు కూచుని మొదటి నుంచి చివరిదాకా కథంతా ఆడుకునేవారు. 2015లో 'హేలో 5' వచ్చింది. తెర పంచుకునే ఏర్పాటు మొత్తంగా ఎగిరిపోయింది. కొన్నవాళ్ళు లబలబలాడారు. 2017 ఫిబ్రవరిలో ఆ ఆట తయారుచేసే సంస్థ అధిపతే, ఇకమీదట ఇలాంటి ఆటల్లో తెర పంచుకోవడం తప్పకుండా ఉంటుందని పదిమందిలో మాటిచ్చింది. ఆవిడా మనలాంటి ఆడదే. 2021 డిసెంబరులో 'హేలో ఇన్‌ఫినిట్' వచ్చింది. కథను కలిసి ఆడే వీలు తర్వాత పెడతామన్నారు. 2022 సెప్టెంబరులో, ఒకే టీవీ ముందు కథను కలిసి ఆడే ఏర్పాటు మానుకున్నామని చావు కబురు చల్లగా చెప్పారు. ఆ మనుషుల్ని ఆన్‌లైన్ సేవల పనికి మళ్ళించామన్నారు. నవంబరులో ఇంటర్నెట్టు మీద మాత్రం కలిసి ఆడుకోమన్నారు.

ఇందులో చోద్యం చూడండి. అదే ఆటలో ఒకరితో ఒకరు పోటీ పడే భాగానికి తెర పంచుకునే ఏర్పాటు ఉంది. అంటే ఒకే సోఫాలో కూచున్న తల్లీ కొడుకూ ఒకరినొకరు కాల్చుకోవచ్చునట, భుజం భుజం కలిపి ఒకే కథలో నడవడానికి మాత్రం వీల్లేదట!

ఇంటర్నెట్టు మీద కలిసి ఆడాలంటే ఏం కావాలి? రెండు పెట్టెలు కావాలి, రెండు టీవీలు కావాలి, పైన నెలనెలా చందా కట్టాలి. అంటే నేను ముందు గదిలో, వాడు వెనక గదిలో, మధ్యలో గోడ. కలిసి ఆడమని చెప్పి ఇంటిని రెండు వాటాలు చేయడం కాకపోతే ఇదేమిటి? కో-ఆపరేటివ్ అని బోర్డు కట్టి మనిషికో బీగం వేయడం కాకపోతే ఇదేమిటి?

మరిదిగారబ్బాయి సాఫ్ట్‌వేరు మనిషి, వాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. "పిన్నీ, తెర రెండయితే యంత్రం ప్రపంచాన్నంతా రెండుసార్లు గీయాలి. బొమ్మ నాణ్యం తగ్గుతుంది. పైగా ఈ రోజుల్లో ఒకే సోఫాలో ఎవరు కూచుంటున్నారు?" అన్నాడు. మొదటి మాట నిజమే కావచ్చు. బొమ్మ కొంచెం మసగ్గా ఉంటే నాకేం ఇబ్బంది లేదు, నాకెలాగూ చత్వారం. రెండో మాటకి జవాబు స్వీడన్ వాళ్ళు చెప్పారు. హేజ్‌లైట్ అనే సంస్థ 2021లో 'ఇట్ టేక్స్ టూ' అని ఒక ఆట తెచ్చింది. విడాకులదాకా వచ్చిన మొగుడూ పెళ్ళాల కథ. అది ఒంటరిగా ఆడడానికి వీల్లేదు, ఇద్దరుండి తీరాలి. వేర్వేరు ఇళ్ళ నుంచి ఆడినా ఒకరు కొంటే చాలు, రెండోవారు కొనక్కర్లేదు. ఆ ఏడాది మేటి ఆటగా బహుమతి దానికే వచ్చింది. 2 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడయిందని 2024లో ప్రకటించారు. వాళ్ళే 2025లో 'స్ప్లిట్ ఫిక్షన్' తెచ్చారు. అందులో నాయికలిద్దరూ రచయిత్రులు. ఒకతె సైన్సు కథలు రాస్తుంది, ఒకతె మాయల కథలు రాస్తుంది. సోఫాలో కూచునేవాళ్ళు లేరన్నది అబద్ధమని తేలిపోయింది గదా.

ఇక మైక్రోసాఫ్ట్ వారికి డబ్బు లేదంటామా? 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే ఆటల సంస్థని 6,870 కోట్ల డాలర్లకి కొన్నారు. ఎన్ని సున్నాలో నా వేళ్ళకి అందలేదు. అంత పెట్టి ఊరంతా కొన్నవారికి, ఉన్న ఇంట్లో రెండో కుర్చీ వేయడానికి మనుషులు చాలలేదంటే ఎవరు నమ్ముతారు?

పైగా ఆ సంస్థని 2014 నుంచి నడుపుతున్న సత్య నాదెళ్ళగారి పూర్వీకులది మన అనంతపురం జిల్లా, ఎల్లనూరు మండలం బుక్కాపురం. ఆయన తండ్రి యుగంధర్‌గారు పల్లెల మేలు కోరిన పెద్ద అధికారి. అందుచేత కాస్త చనువు తీసుకుంటున్నాను. సత్యగారూ, మీరు మా జిల్లా బిడ్డ. మన పల్లెల్లో ఒకే కంచంలో ముద్దలు పెట్టించుకుని తిన్న పిల్లలు ఎంతమందో మీకు తెలియంది కాదు. ఆ కంచం మీ ఆటల్లోంచి తీసేశారు. 2025 అక్టోబరులో మొదటి హేలోని కొత్తగా చేసి తెస్తామనీ, ఇద్దరు తెర పంచుకునే ఏర్పాటు అందులో ఉంటుందనీ మీ వాళ్ళు ప్రకటించారు. సంతోషం. కానీ మేము ఒకసారి మాట విని మోసపోయినవాళ్ళం. ఈసారి ఏ పనికి మనుషులు చాలకపోయినా ఈ పని మాత్రం ఆపకండి. అది రవికెగుడ్డ కాదు, చీర కొంగు. పసిపిల్లలు పట్టుకు నడిచేది దాన్నే.

సత్యగారిని అడిగాను గనుక మనల్నీ ఒక మాట అడగాలి. రెండో కంట్రోలర్ ఉన్న ఇళ్ళల్లో మాత్రం దాన్ని పట్టుకుంటున్నదెవరు? పిల్లవాడు ఆడుతుంటే వాళ్ళ నాన్న పేపరు అడ్డం పెట్టుకుంటాడు. మనం వంటింట్లోంచి "ఆపరా ఇక" అని కేకేస్తాం. వాడు ఎవరితో ఆడుతున్నాడో, ఎందుకు ఓడిపోయాడో, దేనికి నవ్వాడో మనకి తెలీదు. తెలుసుకోవాలని అడిగిందీ లేదు. కంపెనీ వాడు తెరమీద రెండో సగం తీసేయకముందే, పక్కన రెండో చోటు ఖాళీ చేసింది మనమే. మనం రోజూ కూచుని అడిగి ఉంటే తీసేయడానికి వాడికి ధైర్యం చాలేదా?

రోజంతా ఆడమనడం లేదు. దీపం పెట్టాక ఒక్క గంట. చేతకాదంటారా, నాకు మాత్రం చేతనయిందా? మా ఇంట్లో ఇప్పటికీ అందరికంటే ముందు చచ్చేది నేనే.

మొన్న సప్లిమెంటరీ ఫలితాలొచ్చాయి. నాలుగు సబ్జెక్టుల్లో రెండు గట్టెక్కాయి. మావాడు ఫోను చేతిలో పట్టుకుని హాల్లో నిలబడ్డాడు. గది వైపు వెళ్తాడేమోనని నా ప్రాణం గుటుక్కుమంది. వెళ్ళలేదు. నా పక్కన వచ్చి కూచున్నాడు. ఏమనాలో నాకు తోచలేదు. మా వారు గొంతు సవరించుకుంటున్నారు, ఏదో ఉపన్యాసం వచ్చేట్టుంది. ఈలోగా నా నోట వాడి మాటే వచ్చింది.

"పరవాలేదు నాయనా, ఇంకా రెండే ఉన్నాయి" అన్నాను.

వాడు రెండో కంట్రోలర్ తీసి నా ఒళ్ళో పెట్టాడు. నేను తీసి వాళ్ళ నాన్నకిచ్చాను.